మామగారి మంచం మీద ఇంజను

మా ఇంట్లో కారు ఇంజను ఊడదీసి మళ్ళీ బిగించింది నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మావారు ఈనాటికీ నలుగురిలో "మేం బిగించాం" అంటారు. ఆ "మేం"లో ఆయన వాటా ఎంతో మీరే చూద్దురుగాని.

అప్పటికి మేం ధవళేశ్వరంలో ఉండేవాళ్ళం. బరాజ్ మీద బస్సులు తిరగడం మొదలైన కొత్త. మావారు ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా. నేను ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచర్ని, ఇద్దరు పిల్లల తల్లిని. ఇంటికి పెద్ద మా అత్తగారు. మాకు పెళ్ళయ్యేనాటికే మామగారు పోయారు. ఆవిడ మడి, ఆవిడ వంట, ఆవిడ మాట. నా నోరు కూడా తక్కువదేం కాదు కాబట్టి మా ఇంట్లో ఏ రోజూ చప్పగా గడిచేది కాదు.

అత్తగారికి ఒకే ఒక్క అక్క, అమలాపురం అవతల ఒక పల్లెటూళ్ళో ఉండేది. అక్కాచెల్లెళ్ళు చూసుకుని నాలుగేళ్ళయింది. అత్తగారు ఒకసారి బస్సు మెట్టు మీంచి జారి పడ్డారు. అప్పట్నుంచి మోకాళ్ళు ఎత్తు మెట్టు ఎక్కనివ్వవు. పోనీ టాక్సీ కడదామంటే వల్లకాదన్నారు. మా వీధిలో ఎవరో పోతే ఆస్పత్రి నుంచి శవాన్ని టాక్సీలో తీసుకురావడం ఆవిడ కళ్ళారా చూశారు. ఏ టాక్సీలో ఎవర్ని తెచ్చారో ఎవరు చూడొచ్చారని ఆవిడ వాదన. ఇంతలో అక్కగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "చూపు మందగిస్తోందే. కళ్ళు కనబడుతుండగానే వస్తే సరి. లేకపోతే గొంతు విని గుర్తుపడతాలే" అని ఎవరిచేతో రాయించింది. ఆ కార్డు అత్తగారు దేవుడి పటాల వెనక దోపుకున్నారు. రోజూ దీపం పెట్టాక తీసి చదవమని నా కూతురికిచ్చేవారు. అది పదిహేను రోజుల్లో కార్డంతా అప్పజెప్పేసింది.

తల్లి బాధ చూడలేక మావారు ఒక పాత కారు కొనుక్కొచ్చారు. దానికి నాకంటే వయసెక్కువ. మూడు రోజులు తిరిగింది. నాలుగో రోజు బొమ్మూరు రోడ్డు మీద పొగలు కక్కి, కీచుమని ఆగి, ఇంజను పట్టేసింది. ఏమిటా అని చూస్తే రేడియేటర్లో చుక్క నీళ్ళు లేవు. డెల్టా అంతటికీ నీళ్ళు వదిలే ఆఫీసులో కూర్చుని జీతం తీసుకునే మనిషి, ఆ ముదనష్టపు డబ్బాలో చెంబుడు నీళ్ళు పొయ్యడం మర్చిపోయారు. మెకానిక్కు చూసి, పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేసుకోండన్నాడు. అత్తగారు అది విని లోపలికెళ్ళి దేవుడి పటాల ముందు కూర్చున్నారు. అరిచినా భరించేదాన్ని. ఆవిడ అలా కూర్చోవడం చూసి నాకు ఒళ్ళు మండి, "నేను విప్పుతాను" అన్నాను.

నేను ఊరికే అన్న మాట కాదది. కుట్టుమిషను, రేడియో, స్కూల్లో గోడగడియారం, అన్నీ విప్పి బిగించినదాన్నే. ఇంజను మాత్రం బ్రహ్మపదార్థమా? రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో ఆ కారు తాలూకు ఇంగ్లీషు పుస్తకం దొరికింది. మా నూతి గిలక ఊడదీసి వసారా దూలానికి కట్టించాను. మోకు వేసి నలుగురు రిక్షావాళ్ళు లాగితే ఇంజను గాల్లోకి లేచింది. లేచింది సరే, దాన్ని ఎక్కడ దింపాలో ముందుగా ఎవరూ ఆలోచించలేదు. వాళ్ళు మోకు పట్టుకుని చెమటలు కక్కుతుంటే మేం మొగుడూపెళ్ళాలం బల్ల మీదా, నేల మీదా అని వాదులాడుకుంటున్నాం. అప్పుడు అత్తగారు వంటింటి గుమ్మం దాటకుండానే, మామగారి టేకు మంచం మీద పెట్టమన్నారు. ఆ మంచం మీద మా పిల్లల్ని కూడా పడుకోనిచ్చేవారు కాదు. అక్కని చూడాలని ఆవిడకి ఎంతగా ఉందో నాకు అప్పుడే అర్థమైంది.

ఇక ఆర్నెల్లు ఆ ఇంజను మామగారి మంచం మీదే కాపురం చేసింది. బడి నుంచి రాగానే చీర మార్చుకుని పానాలు పట్టుకునేదాన్ని. సిలిండర్లు మాత్రం రాజమండ్రిలో లేతు షెడ్డుకి పంపి కోయించాను. రింగులు, బేరింగులు కొత్తవి తెప్పించాను. మిగతాదంతా నా చేతుల మీదే. విప్పిన నట్లూ బోల్టులూ పచ్చడి జాడీల్లో వేసి, ఏ జాడీ ఏమిటో కాగితం అంటించాను. ఒకరోజు మావారు అన్నంలోకి మాగాయ వేసుకుందామని తప్పు జాడీలో చెయ్యిపెట్టారు. కాగితం చదవకుండా చెయ్యిపెట్టినందుకు ఆయన్నే నాలుగు దులిపాను.

మా అమ్మాయికి బడిలో "మా ఇల్లు" అని వ్యాసం రాయమన్నారు. "మా ఇంట్లో అయిదుగురం. నాన్నగారు, అమ్మ, తమ్ముడు, మామ్మ, నేను. తాతగారి మంచం మీద ఇంజను ఉంటుంది. దానికి వొంట్లో బాగాలేదు" అని రాసుకొచ్చింది. వాళ్ళ టీచరు అది పట్టుకుని మా స్టాఫ్ రూముకొచ్చి, ఇంట్లో ఎవరికి జబ్బని నన్ను పరామర్శించింది.

మావారి సంగతి చెప్పాలి. ఇంజను తానే బిగిస్తున్నట్టు ఆఫీసులో చెప్పుకున్నారు. ఆదివారమైతే చాలు, ఆయన తోటి గుమస్తాలు చూడ్డానికి దిగేవారు. గేటు చప్పుడు వినగానే ఆయన నా చేతిలో పానా లాక్కుని, బుగ్గకి ఇంత గ్రీజు రాసుకుని మంచం పక్కన నిలబడేవారు. నేను లోపలికెళ్ళి వాళ్ళకి కాఫీలు కలపాలి. ఒకసారి ఒకాయన పిస్టన్ చూపించి ఇదేంటండీ అని అడిగితే, "అది చాలా ముఖ్యమైందండీ" అన్నారు. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన నేను నవ్వాపుకోలేక గుమ్మంలోనే వెనక్కి తిరిగిపోయాను.

నిజంగా నాకు సాయం చేసింది అత్తగారు. వాల్వుల్ని వాటి గూట్లో కూర్చోబెట్టడానికి మధ్యలో కాస్త అరగదీసే మందు పూసి, పుల్ల బిగించి, రెండరచేతుల మధ్యా తిప్పుతూ అరగదియ్యాలి. నేను రెండ్రోజులు తిప్పినా పొంకం కుదర్లేదు. అత్తగారు గుమ్మంలోంచి చూసి చూసి విసిగిపోయారు. "కవ్వం అలాగేనా పట్టేది? మధ్యమధ్యలో పైకెత్తి మళ్ళీ తిప్పు" అన్నారు. అలా చేస్తే మొదటి వాల్వు గంటలో గూట్లో సరిగ్గా కూర్చుంది. పుస్తకం తీసి చూస్తే అందులోనూ అదే ఉంది. నా ఇంగ్లీషుకి అది అందలేదు.

అయినా ఆవిడంటే నాకు మనసులో ఒక ముల్లుండేది. మా పెళ్ళిలో అందరూ దగ్గరికొచ్చి అక్షింతలు వేస్తుంటే, ఈవిడ మాత్రం పందిరి చివర స్తంభం వెనక నిలబడి జనం తలల మీంచి విసిరారు. ఒక్క గింజా నా మీద పడలేదు. టీచరుద్యోగం చేసే కోడలు ఇష్టం లేక అలా చేశారనుకున్నాను. పధ్నాలుగేళ్ళు ఆ మాట కడుపులోనే పెట్టుకున్నాను. పోట్లాట వచ్చినప్పుడల్లా అది గుర్తొచ్చి నా గొంతు ఇంకో మెట్టు పైకెక్కేది.

దసరా వచ్చింది. అప్పటికి ఇంజను పైమూత, అదే హెడ్డు, ఇంకా బిగించలేదు. ఇంజను పైభాగమంతా కన్నాలతో నోరు తెరుచుకుని ఉంది. ఆయుధపూజకి కుట్టుమిషనూ, మావారి కలమూ, నా పానాలూ వరసగా పెట్టి, ఇంజనుకి కూడా పసుపూ కుంకుమా నేనే పెట్టాను. సిలిండర్ల మీద నూనెగుడ్డ కప్పి ఉంచాను, దుమ్ము పడకూడదని. అత్తగారు పూజ దగ్గరికి రాలేదు. ఎప్పుడూ రారు. వంటింట్లోనే ఉండి పులిహోర కలిపారు.

ఆ మర్నాడు హెడ్డు బిగించాను. బిగించేముందు, సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరిగే దారులన్నీ బాగా కడగాలని పుస్తకంలో ఉంది. నీళ్ళు పోసే చోటుని నీళ్ళతో కడగడమేంటని ఆ పేజీ తిప్పేశాను. లెక్కలో మెట్టు వదిలేస్తే సున్నా వేసే మనిషిని నేను. ఆ రోజు నా మెట్టు నేనే వదిలేశాను.

మళ్ళీ గిలక, మళ్ళీ మోకు, మళ్ళీ ఆ రిక్షావాళ్ళు. ఇంజను కారెక్కింది. మెకానిక్కుని పిలిచి చూపిస్తే, అతను చుట్టూ తిరిగి చూసి, ఎవరు బిగించారండీ అని మావారినే అడిగాడు. ఒక్కసారి దూరం తిప్పి చూద్దామని నేనన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. కార్తీకంలో మంచి రోజు చూసి, ముహూర్తానికే కారు గేటు దాటాలన్నారు. దాంతో ముందు రోజు నీళ్ళు పోసి, దొడ్లోనే ఒక్క నిమిషం ఆడించి ఆపేశాం. ఒక్క తిప్పుకే పలికింది. మావారు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, కాదనను.

ముహూర్తానికి బయల్దేరాం. మావారు నడుపుతున్నారు, పక్కన నేను, వెనక పిల్లల మధ్య అత్తగారు. ఒళ్ళో అక్కకని చేసిన సున్నుండల డబ్బా. బరాజ్ దాటాం. కాలవ గట్టు రోడ్డు పట్టాం. ఆవిడ నోరు విప్పి మాట్లాడుతూనే ఉన్నారు. చిన్నప్పుడు అక్క తన జడ పట్టుకు లాగిన సంగతి, అక్క పెళ్ళిలో తను అలిగిన సంగతి. అంతసేపు ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

లొల్ల లాకుల దగ్గరికొచ్చేసరికి వేడి చూపించే ముల్లు చివరికంటా పోయింది. ముందునుంచి ఆవిరి. బండి ఆపేశాం. మావారు నావంక భయంభయంగా చూసి, "నీళ్ళు పోశానోయ్. ఒట్టు" అన్నారు. చల్లారేదాకా ఆగి, తడిగోనె కప్పి నెమ్మదిగా రేడియేటర్ మూత తిప్పాను.

గంజి పొంగింది. పచ్చటి గంజి. దాని వెనకాల మెతుకులు, పలుకు లేకుండా చక్కగా ఉడికి, బుసబుసమంటూ రేడియేటర్ మీంచి బంపరు మీదికి కారాయి. లాకుల దగ్గర కూర్చున్న నలుగురు మనుషులు లేచొచ్చారు. అది ఆత్రేయపురం పక్కనే కదా, అందులో పూతరేకులు వేసే ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తొంగిచూసి, పిండి కొంచెం పల్చనైందండీ అని తేల్చింది.

ఆర్నెల్ల కష్టం. ఇంజనులో బియ్యం పోసిన వెధవ ఎవరని పిల్లల మీద విరుచుకుపడ్డాను. ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. వేలితో ఆ గంజి తీసి చూస్తే పసుపు వాసన, నెయ్యి వాసన. అవి బియ్యం కాదు, అక్షింతలు. వెనక్కి తిరిగాను.

అత్తగారు కారు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"పిల్లల్ని అనకమ్మాయ్. నేనే పోశాను, దసరానాడు తెల్లారకుండా. ఆ గుడ్డ కప్పనిచోట కన్నాలుంటే, వాటిల్లో."

"అక్షింతలైతే పైన చల్లాలి గాని లోపల పోస్తారా అత్తయ్యా?"

"పైన చల్లితే కనబడవూ?" అన్నారావిడ. "మంచి పని మొదలెట్టేచోట నాలాంటిది చెయ్యి వెయ్యకూడదుగా. మీ పెళ్ళిలోనూ అందుకే అంత దూరాన నిలబడ్డాను, నీ మీద ఒక్క గింజైనా పడితే బావుండునని విసిరాను. ఈ కారు నన్ను అక్క దగ్గరికి తీసుకెళ్ళాలని... ఎవరి కంటా పడకుండా ఉంటాయని లోపల పోశాను. నా ఆశే దీన్ని పాడుచేసింది. వెనక్కి పోదాం పదండి."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు. ఎవరి మీదో తెలీదు, కానీ చాలా వచ్చింది. పధ్నాలుగేళ్ళ నుంచి ఒకే వంటింట్లో తిరుగుతున్నాం. అంత దూరాన ఎందుకు నిలబడ్డారని ఒక్కనాడు అడగలేదు నేను.

"వెనక్కి పోయేదేం లేదు. ఇంకా ఏమైనా మిగిలాయా?" అన్నాను.

ఆవిడ కొంగు ముడి విప్పారు. అక్క చేత పిల్లల మీద వేయిద్దామని తెచ్చిన గుప్పెడు ఉన్నాయి. నేను ఆ రోడ్డు మీదే, గ్రీజు చేతులతో, గంజి పడ్డ చీరతో, ఆవిడ ముందు తల వంచాను. ఆవిడ చుట్టూ చూశారు. జనం ఉన్నారు. పూతరేకులావిడ "వెయ్యండమ్మా" అంది. వేశారు. ఈసారి దగ్గర్నుంచే వేశారు. వేసిన చెయ్యి కాసేపు నా తలమీదే ఉండిపోయింది.

తర్వాత పనంతా మామూలే. రేడియేటర్ కింది గొట్టం ఊడదీసి, లాకుల పక్కన ఇంటావిడ ఇచ్చిన బిందెతో కాలవ నీళ్ళు పోసి పోసి కడిగాం. దారిలో ఇంకో రెండుసార్లు ఆగి మెతుకులు దించాం. ఇరిగేషన్ గుమస్తాగారు ఆ రోజు మోసినన్ని నీళ్ళు ఉద్యోగంలో చేరాక ఎప్పుడూ మోసి ఉండరు.

మధ్యాహ్నం మూడు దాటాక ఊరు చేరాం. అక్కగారు అరుగు మీద కూర్చుని ఉంది. చెల్లెలు ఇంకా పలకలేదు, నడిచొస్తోంది అంతే. అక్కగారు కళ్ళు చిట్లించి, "వచ్చావుటే" అంది. చూపు ఇంకా ఉంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు తడుముకుని ఏడ్చారు. చివరికి అక్కగారు మా భోజనాల సంగతి అడిగింది. "దారిలో వండుకున్నాం అక్కా. తినడానికే వీలుపడలేదు" అన్నారు మా అత్తగారు.

మళ్ళీ దసరాకి కారు వాకిట్లో కడిగి పెట్టాం. పూజ చూడ్డానికి మావారి ఆఫీసువాళ్ళు వచ్చారు, ఇరుగూపొరుగూ వచ్చారు. నేను వంటింట్లోకెళ్ళి పులిహోర గిన్నె ఆవిడ చేతుల్లోంచి లాక్కుని, అక్షింతల పళ్ళెం పెట్టాను. ఆవిడ గుమ్మం దగ్గర ఒక్కక్షణం ఆగారు. ఆగి, దాటారు. అందరూ చూస్తుండగా వాకిట్లోకొచ్చి మొదట నా తలమీద వేసి, తర్వాత కారు మీద వేశారు. ఎందుకైనా మంచిదని నేను మాత్రం రేడియేటర్ మూత మీద చెయ్యి తియ్యలేదు.