నా నౌకరీ, ఒక నత్త ఆకలి

ఆ రోజుల్లో మనిషికి నిరాశ పడటానికి కూడా కావలసినంత తీరిక ఉండేది. ఇప్పటివాళ్లకు ఒక దిగులు పూర్తిగా అనుభవించకముందే ఇంకొకటి వచ్చి మీద పడుతుంది. మాకు అట్లా కాదు. ఒక్క దిగులు పట్టుకుందంటే వానాకాలమంతా మాతోనే ఉండి, మాతోనే తిని, మా పక్కలోనే పడుకునేది. నాకు మీసం వచ్చిన కొత్తలో పట్టుకున్న దిగులు పేరు తాత్కాలిక ఉద్యోగం. ఆబిడ్స్ పెద్ద రోడ్డు మీద దుకాణాల వెనక ఉన్న ఒక ప్రైవేటు బడిలో నేను ప్రకృతి పాఠాల మాస్టరును. నెలాఖరుకు జీతం చేతిలో పడేటప్పుడల్లా హెడ్‌మాస్టరు నా మొహంలోకి ఒక క్షణం చూసేవాడు, వచ్చే నెల ఈ మొహం కనిపిస్తుందా అన్నట్టు. ఆయనను మేమంతా చాటుగా గొడుగు సారు అనేవాళ్లం (ఎండా వానా లేని సాయంత్రాలు కూడా ఆ గొడుగు చంకలోనే ఉండేది). ఆ ఉద్యోగం పక్కా కావాలన్నది తప్ప అప్పట్లో నాకు వేరే కోరిక లేదు. ఇంకేదైనా కోరడానికి ధైర్యం కూడా లేదు.

నేను ఉండేది నాంపల్లి స్టేషను వెనక సందులో, మా మేనత్త ఇంట్లో. మామయ్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. చిన్న ఇల్లు, వెనక ఒక బావి, బావి పక్కన నాలుగు అరటి చెట్లు, వీటన్నిటి మధ్య అత్తమ్మ. ఆమె మడి సంగతి సందంతా తెలుసు. కోడిగుడ్డు బుట్ట నెత్తిన పెట్టుకున్నవాడు మా గుమ్మం ముందు అరవకుండా నడిచి, రెండిళ్లు దాటాక అరిచేవాడు. ఆమెకు ఇంకొక పట్టుదల కూడా ఉండేది. ఆ ఇంట్లోంచి పని మీద బయటికి వెళ్లేవాళ్లెవరూ ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. చాకలి వచ్చినా, కట్టెలవాడు వచ్చినా, ఆఖరికి గోడ విషయంలో పోట్లాడటానికి పక్కింటాయన వచ్చినా, ఏదో ఒకటి తిని వెళ్లవలసిందే. ఆయన పాపం సగం పోట్లాట మధ్యలో చెగోడీలు నములుతూ, మిగతా సగం మరిచిపోయి వెళ్లిపోయేవాడు.

ఇక నత్త సంగతి. సాయంత్రాలు ఆబిడ్స్‌లో ఒక వకీలుగారి పిల్లలకు పాఠం చెప్పడానికి వెళ్లేవాణ్ణి. ఆయనకు పూలమొక్కల పిచ్చి. ఇంగ్లీషు సీమ నుంచి ఓడలో మట్టితో సహా తెప్పించుకునేవాడు. ఒకరోజు అట్లా వచ్చిన ఒక కుండీ కింద అది కనిపించింది. వేలెడంత పొడుగు, పసుపు కలిసిన మట్టిరంగు, వీపు మీద గుల్ల లేదు. గుల్ల లేని నత్తలను వానాకాలంలో అందరం చూస్తాం. కానీ దీనికి తోక చివర గోరంత చిన్న గుల్ల ఒకటి అతికించినట్టు ఉంది. కాలేజీ పుస్తకంలో ఈ బొమ్మ మీదే నేను ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఇది ఆకులు తినే నత్త కాదు. మట్టిలో తిరుగుతూ వానపాములను పట్టి తినే నత్త. దాని నాలుక నిండా సూదుల్లాంటి పళ్లుంటాయి, అన్నీ లోపలివైపు వంగి. వానపాము ఒకసారి చిక్కిందంటే ముందుకే తప్ప వెనక్కి రాలేదు. వకీలుగారిని అడిగి దాన్ని ఒక గాజు సీసాలో ఇంటికి తెచ్చుకున్నాను. ఒక వానపామును వేశాను. సేమ్యా పాయసం తాగేవాడు చివర మిగిలిన ఒక్క సేమ్యాను పెదవులతో లోపలికి లాక్కుంటాడు చూడండి, సరిగ్గా అట్లా, ఎంతో తీరిగ్గా, దాన్ని లోపలికి లాక్కుంది. ఆ పూట నాకు కలిగిన ఆనందం మళ్లీ చాలా ఏళ్ల వరకు కలగలేదు.

అత్తమ్మ నా వెనకనే నిలబడి ఇదంతా చూసిందని ఆమె గొంతు వినిపించాకే తెలిసింది.

"ఏం తిన్నదిరా గది?"

"వానపాము, అత్తమ్మా."

"పానం ఉన్నదాన్నే?"

"పానం ఉన్నదాన్నే తింటది."

ఆమె నేరుగా వెళ్లి తలస్నానం చేసి వచ్చి, అప్పుడు తీర్పు చెప్పింది. సీసా బావికి ఇవతలికి రాకూడదు. దాన్ని ముట్టుకున్న చేత్తో నేను మంచినీళ్ల బిందె ముట్టుకోకూడదు. ఆ తర్వాత మూడు పూటలు దానికి శాకాహారం అలవాటు చేయాలని ఆమె స్వయంగా ప్రయత్నించింది. కొత్తిమీర వేసింది, దోసకాయ చెక్కు వేసింది, ఉప్పు తగలకుండా కలిపిన పెరుగన్నం ఆకులో పెట్టి పైనుంచి జారవిడిచింది. నత్త పెరుగన్నం మీదుగా పాకి అవతలికి వెళ్లిపోయింది. "గిది మన ఇంట్ల ఇమడది బిడ్డా" అని అత్తమ్మ నిట్టూర్చింది.

నోరు మూసుకుని ఊరుకోవలసినవాణ్ణి, బడిలో జంతు ప్రపంచం పాఠంలో ఆ సంగతి ఎత్తాను. నల్లబల్ల మీద నిచ్చెన గీసి, పై మెట్టున సింహాన్ని, కింది మెట్లలో వానపామును, నత్తను పెట్టి, వేటాడటం పైమెట్టు వాళ్ల సొత్తేం కాదని చెప్పాను. ముత్యపు చిప్పకూ, సముద్రంలో ఎనిమిది చేతుల జంతువుకూ చుట్టమైన ఈ మెత్తటి ప్రాణి కూడా పులి చేసే పనే చేస్తుందనీ, కాకపోతే తీరిక చూసుకుని చేస్తుందనీ అన్నాను. పిల్లలు ఇళ్లకు వెళ్లి ఏం చెప్పారో గానీ రెండు రోజుల్లో గొడుగు సారు పిలిపించాడు.

"ఏంది మాస్టరు, నత్త వేటాడుతదని చెప్పినవంట. పోరగాండ్ల ఇండ్లకెల్లి వచ్చి అడుగుతున్నరు, గదేం చదువని."

"నిజమే సార్. నా దగ్గర ఒకటున్నది."

"ఉన్నదా? అయితే మంచిదే. వచ్చే వారం ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తున్నడు. ఆయన ముంగట వేటాడిపియ్యి. ఆడిందనుకో, నీ నౌకరి పక్కా చేపిస్త. ఆడలేదనుకో, మా బామ్మర్ది ఖాళీగున్నడు. జర యాది పెట్టుకో."

ఆ విధంగా నా బతుకు ఒక నత్త ఆకలి మీద ఆధారపడింది. ఈ జాతి నత్త ఒకసారి కడుపు నిండా తిన్నదంటే రోజుల తరబడి మట్టిలో కదలకుండా పడి ఉంటుందని పుస్తకం చెప్పింది. అంచేత ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా దాన్ని పస్తు పెట్టాలని నిర్ణయించాను. పొద్దునా సాయంత్రం సీసా తెరిచి, తడి మట్టి సర్ది, మూత పెట్టేవాణ్ణి, అంతే. వారం గడిచేకొద్దీ అది సీసా గోడల వెంట తిరగడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అత్తమ్మకు మాత్రం అది చూడటం కష్టంగా ఉండేది. "నువ్వు బువ్వ తినొచ్చి దాని ముంగటనే చేతులు కడుక్కుంటున్నవు. దాని ఉసురు తలుగుతది బిడ్డా" అనేది. "ఇంకొక్క రెండు దినాలు అత్తమ్మా, గది ఆకలిగుంటేనే నా నౌకరి" అని సర్దిచెప్పేవాణ్ణి. ఆమె తల ఊపేది. అర్థమై ఊపిందనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. శుభమా అని వెళ్తున్నానని అత్తమ్మ పొద్దున్నే ముద్దపప్పు, కమ్మటి నెయ్యి, గుమ్మడికాయ పులుసు, మీగడ పెరుగు, అన్నీ వడ్డించి కొసరి కొసరి తినిపించింది. బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని, సీసా చంకన పెట్టుకుని బయలుదేరాను. ఆమె సందు మలుపు దాకా వచ్చి నిలబడింది. జుట్టు తడిగా ఉంది. పొద్దున చేసిన స్నానానికి ఇంకా ఆరలేదేమో అనుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ సాబ్ నెమ్మదైన మనిషి, షేర్వానీ వేసుకుని వచ్చాడు. తెలుగు బాగానే మాట్లాడేవాడు. బల్ల మీద వెడల్పాటి గాజు పళ్లెంలో తడి మట్టి పరిచి, నత్తను ఒక పక్క, పిల్లలు తెచ్చిన వానపామును ఇంకొక పక్క పెట్టాను. క్లాసంతా బల్ల చుట్టూ మూగింది. నేను నత్త పళ్ల గురించి చెప్పాను. నత్త కదలలేదు. దాని నాలుక గురించి చెప్పాను. కదలలేదు. వానపామును కాస్త దగ్గరికి జరిపాను. అది నత్తను ఆనుకుని, ఒకసారి ఆలోచించి, దాని వీపు మీదికెక్కి, అవతలికి దిగి, పళ్లెం అంచు దాకా షికారు వెళ్లి వచ్చింది. నేను ఈ జంతువు ఎంత క్రూరమైనదో ఇంకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. చెప్పినకొద్దీ అది మరింత ముడుచుకుంది. లోపల నాకు నీరసం కమ్ముతోంది. ఇది అయ్యే పని కాదు, నా బతుకు ఇంతే, ఇట్లాగే పళ్లెం అంచుల్లో తిరిగి తిరిగి పోతుంది అనిపించింది. దానికి తోడు కిటికీలోంచి చల్లగాలి, కడుపులో ముద్దపప్పు. నా ఆపుకోలేని ఆవులింత ఒకటి ఇన్‌స్పెక్టర్ సాబ్ మొహం ముందే పూర్తిగా జరిగిపోయింది.

"సార్, గది సచ్చిందా?" అని ముందు వరసలోవాడు అడిగాడు.

ఇన్‌స్పెక్టర్ సాబ్ వంగి చూశాడు. "లేదు బేటా, హాయిగా నిద్రపోతున్నది" అని, నా భుజం మీద చెయ్యి వేసి, "మాస్టర్ సాబ్, మీ ఇద్దరికీ కొంచెం ఆరాం కావాలె" అన్నాడు. ఆయన మంచితనమే నన్ను ముంచింది. తిట్టి ఉంటే ఎదురు చెప్పేవాణ్ణేమో. గొడుగు సారు తన గొడుగును ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. నెలాఖరు దాకా రమ్మని గుమస్తా వచ్చి చెప్పాడు.

సీసా పట్టుకుని నడుచుకుంటూ వచ్చాను. కొత్తగా కట్టిన మొజంజాహీ మార్కెట్ దగ్గర మామిడిపళ్ల బుట్టలు దించుతున్నారు, జనం నవ్వుకుంటూ బేరాలాడుతున్నారు. లోకంలో ఉద్యోగం లేనివాణ్ణి నేనొక్కణ్ణే అనిపించింది. పళ్ల వాసన కూడా నన్ను పరిహసిస్తున్నట్టు తోచి, రోడ్డు అవతలికి దాటి నడిచాను. ఆ నత్త మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. వారమంతా పస్తున్న ప్రాణి, నోటి దగ్గరికి వచ్చిన తిండిని కాదని పడుకుంటుందా?

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ దేవుడి ముందు కూర్చుని ఉంది. పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టినట్టు లేదు, మొహం వాడిపోయింది. పొయ్యి మీద మాత్రం గిన్నెలో సేమ్యా పాయసం ఉంది.

"పాయసం నీకోసమే చేసిన. మంచిగైందా బిడ్డా? ఏం ఆగం చెయ్యలే గద గది?"

"ఏం చెయ్యలే అత్తమ్మా" అన్నాను. అంతకన్నా నిజం ఇంకేముంటుంది.

"నాకెర్కే. కడుపుల పడితే ఎవ్వరైనా నిమ్మళంగుంటరు." కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "పొద్దుగాల నువ్వు లేవకముందే అరటి పాదుల తవ్విన. గంత పెద్ద పని మీద పోతున్నది, మన ఇంట్లకెల్లి ఉత్త కడుపుతోని ఎట్ల పంపుత? పట్టకారుతోని పట్టి ఏసిన. పట్టకారు బాయిల పారేసిన. పాపం తలుగుతె నాకే తలగనీ, నీ నౌకరికి తలగొద్దని మొక్కి ఒక్కపొద్దున్న."

నేను గుమ్మంలో అట్లాగే కూర్చుండిపోయాను. కోడిగుడ్లవాడి కేక కూడా వినలేని మనిషి, నా కోసం తన చేత్తో ఒక ప్రాణిని ఇంకొక ప్రాణి నోటికి అందించింది. ఆ పాపానికి పస్తు ఉంది. నత్త తిన్నది, నేను తిన్నాను, తిననిది ఆమె ఒక్కతే. ఏడవాలో నవ్వాలో తెలియలేదు గానీ, ఏడుపే వచ్చింది. ఆమె అది సంతోషమనుకుని పాయసం గిన్నె ముందు పెట్టింది. నేను తింటే గాని ఒక్కపొద్దు విడవదని తెలుసు. ఒక్కొక్క సేమ్యా పోగు పెదవుల మీదికి వస్తుంటే, కళ్లు మూసుకుని లోపలికి లాక్కుంటూ, గిన్నె ఖాళీ చేశాను.

ఉద్యోగం పోయిన సంగతి నెలాఖరుకు చెప్పక తప్పలేదు. అత్తమ్మ అరటి పాదుల వైపు చూస్తూ కూర్చుంది (నత్తను అప్పటికే అక్కడ వదిలేశాను, తర్వాత మళ్లీ కనిపించలేదు). చివరికి, "తప్పు నాదే బిడ్డా. పాపానికి భయపడి ఒక్కటే పెట్టిన. ఇంకోటి పెడితే మంచిగ పని చేస్తుండే గావచ్చు" అంది. నిజం చెప్పడానికి నోరు తెరిచాను, కానీ ఆమె అప్పటికే నాకు అన్నం వడ్డించడానికి లేచింది. రేపు ఇంకొక బడికి అడగడానికి వెళ్లాలి గదా, ఉత్త కడుపుతో పోవద్దని.

ఇంకొక బడిలో ఉద్యోగం దొరికింది, అదీ ఎప్పటికో పక్కా అయింది, ముగిసింది కూడా. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం కాగానే ఈ వాలుకుర్చీలో కదలకుండా పడి ఉంటాను. మనవలు చుట్టూ మూగి, తాత ఊపిరి తీస్తున్నాడా లేదా అని నా ముక్కు కింద వేలు పెట్టి చూస్తారు. నాకు తెలుస్తూనే ఉంటుంది, కదలను. అత్తమ్మ పెట్టిన తిండి తిని, ఇన్‌స్పెక్టరుకూ గొడుగు సారుకూ జడవకుండా, నా నౌకరీని పక్కన పెట్టి పడుకున్న ఆ నత్త మీద కోపం ఎప్పుడో పోయింది. పొద్దున్నే అంత ప్రేమగా పెట్టినవాళ్లుంటే ఎవరు మాత్రం వేటకు లేస్తారు?