అతుకు లేని పట్టీ

మా ఆయనది పడవల రేవు పక్కన చిన్న కొట్టు. నీళ్లలో మునిగి ఓడల అడుగు గీకే పనివాళ్లకు, వీపున గాలి సిలిండరు మోసే పట్టీలు అమర్చిపెట్టడం ఆయన వృత్తి. ఒకే ఒక్క పొడవాటి నైలాను పట్టీని వీపు మీది ఇనుప పలక గుండా పోనిచ్చి, రెండు భుజాల మీదుగా తెచ్చి నడుము దగ్గర బిగించేవారు. మధ్యలో అతుకు ఉండదు. విప్పాలంటే నడుము బకిలు తీసి, బిగుతు చొక్కా విప్పినట్టు ఒక్కో చెయ్యీ బయటికి లాక్కోవాలి.

భుజాల దగ్గర నొక్కితే ఊడే క్లిప్పులున్న రకమూ కొట్లో వేలాడుతుండేది. అది సెలవులకొచ్చి చేపల్ని చూసిపోయేవాళ్లకట. "క్లిప్పుందంటే విరగడానికో చోటున్నట్టే" అనేవారు. పనివాడెవడైనా అటు చూస్తే చాలు, రేవంతా వినేలా వాణ్ణి వేళాకోళం చేసేవారు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

మా మరిదిదీ ఆ నీళ్ల పనే. నోట్లో నాలుక లేని మనిషి. పాత పట్టీ అరిగిపోయి కొత్తదాని కోసం వచ్చిన రోజున, క్యారియరు ఇవ్వడానికి వెళ్లి నేనూ కొట్లోనే ఉన్నాను. కొలతలయ్యాక మెల్లగా అడిగాడు.

"అన్నా, కుడి భుజం దగ్గర ఒక్క క్లిప్పు పెట్టరాదూ? విప్పేటప్పుడు సుళువుగా ఉంటుంది."

"ఎందుకురా, ఫొటోలు దిగడానికా?"

మరిది నా వైపు చూశాడు. నేను నోరు మూసుకున్నా బాగుండేది. "పెళ్లికొడుకులా ముస్తాబవ్వాలని సరదా పుట్టింది పాపం!" అన్నాను. కొట్లో ఉన్న నలుగురూ విరగబడి నవ్వారు. అతనూ నవ్వేసి, క్లిప్పు మాట మళ్లీ ఎత్తలేదు.

అతని కుడి భుజం బాగాలేదని నాకు తెలుసు. నెల రోజులుగా ఎడమ చేత్తో తల దువ్వుకుంటున్నాడు. అటక మీది పెట్టె దించమంటే స్టూలు తెచ్చుకున్నాడు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఇంత చూసీ నేను హాస్యమాడాను.

చలికాలం వచ్చింది. పల్చటి చొక్కా మీద కొలిచిన పట్టీ, మందపాటి రబ్బరు సూటు మీద మరింత బిగిసింది. ఓ మధ్యాహ్నం మరిది పని ముగించి పడవలోకెక్కి, పట్టీలోంచి ఎడమ చెయ్యి బయటికి తీశాడు. కుడి చెయ్యి ఇంకా లోపలే ఉండగా పడవ ఒరిగింది. సిలిండరు బరువంతా ఆ ఒక్క భుజం మీదే పడింది. ఆపరేషను చేసినా చెయ్యి ఛాతీ దాటి లేవలేదు. నీళ్ల పని పోయింది. పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు.

ఇప్పుడు మా ఆయన వచ్చిన ప్రతివాడితోనూ రెండు చేతులూ పైకెత్తించి చూస్తారు, అడక్కుండానే క్లిప్పులు పెడతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తమ్ముడి దగ్గర మాత్రం తలెత్తలేరు.

నేనైనా ఒప్పుకోవాలనుకున్నాను. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు, ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

"నీ భుజం సంగతి నాకా రోజే తెలుసు, మరిదీ. తెలిసీ నవ్వులాట చేశాను."

అతను టీ గ్లాసు ఎడమ చేత్తో కింద పెట్టాడు.

"నీకు తెలుసని నాకూ తెలుసు వదినా. నువ్వున్నావనే ఆ రోజు అన్నయ్యని అడిగాను. నా తరఫున ఓ మాటంటావనుకున్నాను."