కాజీపేట నుంచి బహదూర్‌పురాకు ఒక కంచు బేరింగుతో

తెల్లవారుజామున కాజీపేటలో పాసింజరు ఎక్కాను. ఒళ్ళో గోనెసంచి, అందులో మా పాత ఆవిరి ఇంజను ఇరుసు బేరింగు. “పుచ్చకాయనా తాతా?” అంది ఎదురు సీటామె. “పుచ్చకాయైతే కోసి పెడుదును గదమ్మా” అన్నాను.

ఆ ఇంజను మీద పాతికేళ్ళు ఫిట్టరుగా చేశాను. కాజీపేట రైలింజన్ల షెడ్డులో మిగిలింది అదొక్కటే. బేరింగు లోపల అరిగిపోయి ఇరుసు గడగడా కొట్టుకుంటోంది. రేపు పెద్దాఫీసరు వస్తాడు. ఆయన ముందు ఇంజను కదిలితే సరి, లేకపోతే చక్రాల కింద సిమెంటు పోసి గేటు దగ్గర బొమ్మలా నిలబెడతారు. ఒక్క ముక్క కోసం కొలిమి వెలిగించేవాళ్ళు పాతబస్తీలో తప్ప ఎక్కడా దొరకలేదు.

సికింద్రాబాదులో దిగి అఫ్జల్‌గంజ్ బస్సు పట్టుకున్నాను. ఉస్మాన్‌గంజ్ దగ్గర ఇడ్లీ తిన్నాను, చట్నీ ఒట్టి నీళ్ళు. మీరు వెళితే చాయ్, బిస్కెట్‌తో సరిపెట్టుకోండి. బహదూర్‌పురాకు ఆటోవాడు నూటయాభై అడిగి నూట ఇరవైకి దిగాడు.

పోతపని చేసే ఖాజా భాయ్ బేరింగును రెండు చేతులా అందుకున్నాడు. వాళ్ళ నాన్న మా షెడ్డుకు ఎన్నో పోసిచ్చాడు. అరిగినచోట మైనం మెత్తి, కొత్త కొలతకు తెచ్చాకే ఇసుకలో అచ్చు తీసేవాడు. ఆయన కొడుకే గదా అని నేను విడిగా చెప్పలేదు. “తినిరా బాపు, ఫికర్ చెయ్యకు” అన్నాడు. సందు చివర బగారా అన్నం, దాల్చా తిని ఒక అరుగు మీద కునుకు తీశాను.

నాలుగింటికి వచ్చేసరికి కొత్త బేరింగు తళతళలాడుతోంది. లోపల చెయ్యి పెట్టి తడిమాను. అరుగుదల అట్లాగే ఉంది. పాతదాని అంచు మీదున్న పగులు గీత కూడా దిగింది.

“ఏంది భాయ్ ఇది?”

“అచ్చం పాతదే బాపు. లాడ్ బజార్ల పాత సామాన్లు అమ్మేటోళ్ళు గిట్లనే అడుగుతరు. ఒక్క సొట్ట తగ్గినా లొల్లి చేస్తరు.”

“మరి పాతదేది?”

“అచ్చు తీసినంక కరగబెట్టిన. నీ మాలే నీకు పోసిన, జర తక్కువైతే నాది కలిపిన.”

“మీ నాయిన మైనం పెట్టేటోడు గదరా.”

“మా అబ్బా దగ్గరికి బండి నడిపేటోళ్ళు వచ్చేటోళ్ళు బాపు. నా దగ్గరికి గోడకు పెట్టుకునేటోళ్ళే వస్తరు.”

మళ్ళీ పొయ్యమంటే కొలిమి చల్లారింది, బొగ్గు రేపుగానీ రాదు. ఆఫీసరు వచ్చిపోయాక వచ్చే బొగ్గుతో నాకేం పని?

సాయంత్రం బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. రైలు పెట్టె చక్రాలు గడగడా కొట్టుకోకుండా తిరుగుతుంటే ఏడుపొచ్చింది. పాతబస్తీకి తప్పకుండా వెళ్ళండి. ఏ పాత వస్తువు పట్టుకెళ్ళినా అచ్చం అట్లాంటిదే చేసిస్తారు, అదీ ప్రేమగా. నడిచేది కావాలంటే మాత్రం ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

పక్కనున్న కాలేజీ అమ్మాయి సంచిలోకి తొంగిచూసింది. “మస్తుంది తాతా. షోకేసులకా?”

అవునన్నాను. కాదని ఎట్లా చెప్పను, రేపట్నుంచి ఇంజనూ అంతే గదా.