నెమునస్ నదికి నేను వేసిన రంగు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, దోహాలో చలి మొదలైన రోజుల్లో, అల్ సద్‌లోని మా సర్వే సంస్థలో నాకు మామూలు డ్యూటీతో సంబంధం లేని పటం ఒకటి అప్పగించారు. అప్పటికి నేను చీఫ్ కార్టోగ్రాఫర్‌ని, అంటే పటాలు గీసేవాళ్ళకి పెద్దని. గీయడం మానేసి చాలాకాలమైంది. ఇతరుల గీతల్లో తప్పులు పట్టడమే నా పని.

పటం కావాలన్నది డాక్టర్ రూటా, మా భవనం కింది క్లినిక్‌లో పనిచేసే లిథువేనియా ఆవిడ. పుట్టినరోజుకి దోహా వస్తున్న తండ్రికి కానుకగా, జార్ల కాలంలో తమ పూర్వీకుల ఊళ్ళు ఎవరి కింద ఉండేవో చూపించాలని ఆమె కోరిక. రష్యా సామ్రాజ్యం ఆ నేలను గుబెర్నియాలుగా విభజించింది. గుబెర్నియా అంటే గవర్నరు ఏలే విభాగం, మన జిల్లాకన్నా బాగా పెద్దది. విల్నా, కోవ్నో అన్న రెండు గుబెర్నియాల పేర్లు దొరకగానే నాకు సర్వం తెలిసిపోయింది. రష్యన్లు కోవ్నో అని పిలిచిన కౌనస్ పట్నానికీ, పక్కన పారే నెమునస్ నది అవతలి గట్టుకీ కలిపి కోవ్నో గుబెర్నియాకి ఎంచుకున్న ఆకుపచ్చ పులిమేశాను.

నా కింద పనిచేసే ఇంజనీరు మాధవిది జగిత్యాల. "సార్, అవతలి గట్టు ఎవరి కింద ఉండెనో ఒక్కసారి చూద్దామా? మా జిల్లానే ముక్కలైంది గద" అంది. ఎదురుబొదురు గట్లకి ఇద్దరు గవర్నర్లు ఉండరమ్మా అని నా అనుభవమంతా ఆమె మీద కుమ్మరించాను.

అల్ తుమామాలో డాక్టరుగారింట పటం మీది గుడ్డ తీసి, ఎవరూ అడగని ఉపన్యాసం కూడా ఇచ్చాను. రూటా తండ్రికి అనువదించింది. పెద్దాయన ఓపిగ్గా విని, లేచొచ్చి అవతలి గట్టు మీద వేలు పెట్టారు. అది కోవ్నో కాదట, సువాల్కీ గుబెర్నియా అట. జారే రాజైనా విడిగా నడిచిన పోలండ్ రాజ్యంలోది. చట్టం వేరు, చివరికి క్యాలెండరూ వేరు. అవతల జరిగిన వాళ్ళ తాతమ్మ పెళ్ళికి, ఇవతలి చుట్టాలు పిలుపులోని తేదీని పన్నెండు రోజులు వెనకబడి నడిచే తమ పాత రష్యా లెక్కలో చదువుకుని, అంతా అయిపోయాక తీరిగ్గా ముస్తాబై వెళ్ళారట.

"నెమునస్ మీది మా వంతెన దాటడానికి పన్నెండు రోజులు పట్టేదని మా పెద్దలు అనేవారు. మీరు ఒక్క రంగుతో దాటించేశారు" అన్నారాయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. రూటా ముఖం మాత్రం చిన్నబోయింది. ఆ పెళ్ళికూతురి ఊరే నా పటంలో పరాయి గవర్నరు పాలైంది. ఆయన విమానం ఎక్కేలోగా మరోటి గీయాలి. ఈసారి మాధవి గీసింది, నేను టీ తెచ్చిచ్చాను. పెద్దాయన దాన్ని చుట్టి, లగేజీలో వేయకుండా చేత్తో పట్టుకెళ్ళారు.

హద్దును నది నిర్ణయించదు, ఏలినవాడి ఉత్తర్వు నిర్ణయిస్తుంది. ఎవరి ఉత్తర్వు, ఏ ఏటిది అన్నది తేలకుండా రంగు వేయకూడదు. పై అధికారి ధీమా ఆధారాల కిందికి రాదు.