ఆ ముగ్గురి చోటు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీ పిల్లలు పాడటానికి రమ్మని ఫోన్ చేసి, ఎంతమంది వస్తారు సార్ అని అడిగారు. ఒక్కణ్ణే అన్నాను. సరే సార్ అని పెట్టేశారు. అంత సులువుగా తేలిపోయిన ఆ మాట కోసం ఒకప్పుడు నేను సొంత మేనమామతోనే తగవు పెట్టుకున్నానంటే వాళ్లు నమ్మరు, మన ఈడువాళ్లయితే నమ్ముతారు.

అప్పట్లో మేం సైదాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నేను, మా చిన్నాన్న కొడుకు, పక్క వాటాలో ఉండే కోస్తావాళ్ల అన్నదమ్ములిద్దరూ, నలుగురం కలిసి రాక్ బ్యాండు పెట్టుకున్నాం. సినిమా పాటలు ముట్టుకోమని ఒట్టేసుకుని, మా పాటలు మేమే కట్టుకుని, ఇరుగుపొరుగు వచ్చి తలుపులు బాదేదాకా వాయించేవాళ్లం. తరువాత డ్రమ్ములు వాయించే చిన్నాన్న కొడుక్కి దూరాన బ్యాంకు ఉద్యోగం వచ్చింది, అన్నదమ్ములు వాళ్ల నాన్న బదిలీతో విజయవాడ వెళ్లిపోయారు, నేనొక్కణ్ణే మిగిలాను. బ్యాండు పేరు మాత్రం మార్చలేదు. డ్రమ్ములు ఒక్కటే మోగాల్సిన చోట గిటారు ఆపేసి, కాలితో లెక్కపెట్టుకుని, మళ్లీ అందుకునేవాణ్ణి. ఆ ఖాళీ వస్తే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

ఎల్బీ నగర్‌లో పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపే మేనమామ, నా మీద జాలితోనే, ఒక కాలనీ వార్షికోత్సవంలో నాకు అరగంట ఇప్పించాడు. ఒంటరిగా అది నా మొదటి కచేరీ. తీరా వెళ్లేసరికి స్టేజీ మీద ఆయన మనుషులు ముగ్గురు తెల్లకోట్లు తొడుక్కుని, వైర్లు తగిలించని గిటార్లు పట్టుకుని ఇద్దరు, డ్రమ్ముల వెనక ఒకడు సిద్ధంగా ఉన్నారు. వాయించరట, ఊరికే చేతులాడిస్తారట.

"ఒక్కనివే నిలబడితే ఏం మంచిగుంటదిరా, స్టేజి నిండాలె గదా," అన్నాడు మామ.

వాళ్లు దిగితేనే నేను ఎక్కుతానన్నాను.

"జర నా మాటిను. గిప్పుడు మొండికేస్తే మళ్ల నిన్నెవ్వరు పిలుస్తరో సూస్త," అన్నాడాయన.

ఆయన్ను కాదంటే ఈ చుట్టుపక్కల నాకు మరో స్టేజీ దొరకదని తెలుసు. అయినా నావాళ్ల చోట బొమ్మల్ని నిలబెట్టడం చచ్చినా ఇష్టం లేక, మెట్ల దగ్గరే నిలబడిపోయాను. చివరికి మామ విసుక్కుంటూ వాళ్లను దింపాడు.

ఒక్కణ్ణే పాడాను. ఖాళీ వచ్చిన ప్రతిసారీ మైకు పోయిందనుకుని జనం ఈలలు వేశారు, ముందు వరుసలోని పెద్దమనుషులు భోజనాలకు లేచారు, నేను మాత్రం ఒక్క ఖాళీనీ కుదించలేదు. మామ రెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఆయన అన్నట్టే ఎవరూ పిలవక, గిటారు పాఠాలు చెప్పుకుంటూ, ఇంట్లోనే నా పాటలు క్యాసెట్లకెక్కించి, కాలేజీ గేట్ల ముందు నేనే నిలబడి అమ్ముకున్నాను. దానికి చింత లేదు, ఇవాళ మళ్లీ అడిగినా అదే పని చేస్తాను.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు, ఆ ఖాళీల్లో కంప్యూటరుతో డ్రమ్ములు పెట్టేస్తాం సార్, రెండు నిమిషాల పని అంటారు. నిజమే, ఈ రోజుల్లో పాట పూర్తి కావడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ఒకే గదిలో నలుగురం చెమటలు కక్కుతూ, ఒకణ్ణొకడు తిట్టుకుంటూ పాట కట్టేవాళ్లమని చెబితే నవ్వుతారు. నవ్వనీ. అన్నదమ్ములు ఎక్కడున్నారో తెలియదు, చిన్నాన్న కొడుకు పోయి మూడేళ్లయింది. నా పాటలు అసంపూర్తిగానే ఉన్నాయి, అలాగే ఉంటాయి.