ఎస్తేరక్కా, ఆ చెర్రీ బార్ల సంగతి నా దగ్గరెందుకు దాచినావు?

నిన్న పొద్దున దోసెలు పోస్తుంటే ఎమ్మిగనూరు నుంచి అక్క కోడలు రూతు ఫోన్ చేసింది.

"పిన్నీ... అత్తమ్మ పోయింది."

దోసె పెనం మీదే మాడిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను.

మొన్న సాయంత్రమే కదా ఎస్తేరక్క నాతో ఫోన్లో అంతసేపు నవ్వింది!

గుండెపోటట. ఆస్పత్రికి తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మేం ఎమ్మిగనూరులో ఉన్నప్పుడు ఎస్తేరక్కది పక్కిల్లు. జాకెట్లు కుట్టేది. యూట్యూబ్ చూసి కేకులు నేర్చుకుని, ఆదోని దాకా ఆర్డర్ల మీద అమ్మేది. ఆమె చెర్రీ వాల్‌నట్ బార్లు తిన్నవాళ్లు మర్చిపోరు. పైన పల్చగా పెళుసు, లోపల మెత్తగా సాగుతూ, మధ్యమధ్యలో పుల్లటి చెర్రీ.

మేం ఆదోనికి మారాక నాకూ నేర్పమన్నాను. వెంటనే కాగితం మీద రాసిచ్చింది. చివర్లో, "ఒవెన్లో నలభై నిమిషాలు."

ఆ క్రిస్మస్‌కి ధైర్యం చేసి మా వీధిలో ఆర్డర్లు తీసుకున్నాను. నా మొదటి ఆర్డర్లు.

ఒక పెద్దాయన డబ్బా వెనక్కి తెచ్చిచ్చాడు. "ఏమ్మా, పండ్లు ఊడబెరకాలనే చేసినావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, లోపలికొచ్చి ఏడ్చాను. అక్కకు ఫోన్ చేశాను.

"నీ ఒవెన్ మంచిది కాదులే సునీతా. మార్చు."

మార్చాను. మళ్లీ రాళ్లే.

"కొందరి చేతికి రాదు మే. బాధపడాకు."

నమ్మాను. అక్క చెప్పింది కదా. ఆరేళ్లు నా చేతినే తిట్టుకున్నాను. ఆర్డర్లు మానేశాను.

నిన్న అక్కను హాల్లో పడుకోబెట్టి ఉంటే, నన్ను లేపి వంటింట్లోకి తీసుకెళ్లి టీ ఇచ్చింది రూతు. గట్టు మీద మొన్న రాత్రి అక్క చేసిన బార్ల ట్రే అట్లానే ఉంది.

రూతు దాన్ని చూసి కళ్లు తుడుచుకుంది. "నువ్వూ ఇంతే కదా పిన్నీ, నడుమ ఇంకా పచ్చిగా ఊగుతాంటేనే తీసేస్తావు?"

"అదేంటి? నలభై నిమిషాలు కదా?"

"నలభైయా! రాయవుతాది పిన్నీ. ఇరవై మూడే. ట్రేలోనే సల్లారనియ్యల్ల."

టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాను. రూతుకు అప్పుడు అర్థమైంది.

"ఎవరికీ సెప్పొద్దని నాతో ఒట్టేపిచ్చుకునింది. నీక్కూడా సెప్పలేదని నాకు తెల్దు పిన్నీ. ఆదోని ఆర్డర్లు యాడ పోతాయోనని బయపడినట్టుంది."

అప్పుడు గుర్తొచ్చింది. నాకు రాసిచ్చినాక ఇన్నేళ్లలో అక్క ట్రే బయటికి తీయడం నేను ఒక్కసారీ చూడలేదు. నేను బస్సు దిగి వచ్చేసరికే ముక్కలు కోసి డబ్బాలో పెట్టి ఉండేది.

నలభై అని పొరపాటున రాయలేదు. కావాలనే రాసింది.

చచ్చిపోయిన మనిషి గురించి ఇట్లా రాస్తావా అని మీలో కొందరు అంటారు. అనండి.

ఇదే అక్క, నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు ఎనిమిది రోజులు ఆస్పత్రిలో నా మంచం పక్కన నేల మీద పడుకుంది. నా తల దువ్వింది. నాకు బెడ్‌పాన్ పెట్టింది. సొంత చెల్లెలు కూడా రాని రోజులవి.

ఆ మనిషే ఈ పని చేసింది. రెండూ నిజమే. ఏది పట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

సాయంత్రం సమాధి దగ్గర అందరూ మన్ను వేశారు. నా వంతు వచ్చింది. గుప్పిట తెరుచుకోలేదు. "వెయ్యి పిన్నీ" అని రూతు మెల్లగా నా చెయ్యి పట్టుకుంది. వేశాను. కళ్లలో నీళ్లు మాత్రం రాలేదు.

రాత్రి ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే వచ్చాయి. ఆగలేదు.

అక్కా, అడిగుంటే ఆదోని మొత్తం నీకే వదిలేసేదాన్ని. పోట్లాడే అవకాశం కూడా ఇవ్వకుండా పోయావు.

ఇంకా క్షమించలేదు. అబద్ధం చెప్పను.

పోయిరా ఎస్తేరక్కా. నాకెట్లాగూ నిమ్మళం లేదు, నువ్వైనా దేవుని దగ్గర నిమ్మళంగా ఉండు.