యేసయ్య ఆరో విసురు

మా ఆయనకు కళ్ళు మూసుకుంటే నిలబడటం రాదు. ఎకసెక్కానికి అంటున్న మాట కాదిది, డాక్టరు కాగితం మీద రాసిచ్చిన మాట. అదే మనిషి తీగకు వేలాడే ఆరు కిలోల ఇనుప గుండును పట్టుకుని, గిర్రున నాలుగు చుట్లు తిరిగి విసిరితే ఒక్క అడుగు తూలడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయంటే మా సెంటినరీ కాలనీలో ఎవరు నమ్ముతారు? కట్టుకున్నదాన్ని, నాకే సరిగ్గా నమ్మకం కుదరలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆయన పేరు యేసయ్య. పుట్టింది మందమర్రిలో. పందొమ్మిదో ఏట గనిలో దిగి, బొగ్గు నిండిన టబ్బులను పట్టాల మీద తోసే పనిలో చేరాడు. పెళ్ళిచూపుల్లో నేను మొదట చూసింది ఆ భుజాలనే, అబద్ధం చెప్పడమెందుకు? నా పేరు ఎలిజబెత్. ముప్పై ఏళ్ళు ప్రైవేటు బడిలో పిల్లల చెవులు మెలిపెట్టిన పంతులమ్మను. నోరు కాస్త పెద్దదే, ఒప్పుకుంటాను.

ఐదేళ్ళ కింద ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. నెలల తరబడి సూదులు పొడిచారు. ప్రాణం దక్కింది. కానీ మళ్ళీ డ్యూటీకి వెళ్ళిన నెలలోనే గనిలో రెండుసార్లు పడ్డాడు. తలదీపం వెలుగు ఎంత మేర పడితే ఆయనకు అంత మేరే నేల. ఆ వెలుగు పక్కకు తిరిగిందా, మనిషి కూలబడతాడు. డాక్టరు నాకు విడమరిచి చెప్పాడు. "చెవి లోపల ఒక తూకం ఉంటదమ్మా. ఆ మందుల బలానికి అది పోయింది. ఇప్పుడు మీ ఆయన కళ్ళతోని నిలబడుతున్నడు. ఎల్తురుల ఫికర్ లేదు, చీకట్లనే కష్టం." దాంతో ఆయన్ని పైన లాంప్ రూములో, దిగేవాళ్ళకు దీపాలు అందించే పనిలో కూర్చోబెట్టారు.

ముప్పై ఏళ్ళు టబ్బులు తోసిన ఒళ్ళు కుర్చీలో కూర్చుంటుందా? పొద్దున్నే బస్సెక్కి గోదావరిఖని స్టేడియానికి నడకకు పోవడం మొదలుపెట్టాడు. అక్కడ వేణుమాధవ్ అనే వ్యాయామ మాస్టరు పిల్లలకు హామర్ అనే ఈ గుండు విసరడం నేర్పుతుంటే చూసి, "సుత్తి ఏది సారూ?" అని అడిగాడట. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులకు రోషం వచ్చి గుండు తీగ అందుకున్నాడు. ఒకటి, రెండు, పది చుట్లు తిరిగాడు. విసిరి, అక్కడే గుంజలా నిలబడ్డాడు.

"కాకా, నీకు తల తిరుగుత లేదా?" అన్నాడు వేణుమాధవ్.

"తిరుగుతె ఏం గాదు సార్. చీకట్ల నిలవడుడే కష్టం నాకు."

అంతే. ఇక ఆయన్ని ఆపడం నా తరం కాలేదు. అరచేతులు పొక్కి, పగిలి, కాయలు కాశాయి. రాష్ట్ర పోటీ దాటాడు, దేశ పోటీ దాటాడు. యాభై ఐదేళ్ళు పైబడిన మగవాళ్ళకు చెన్నైలో జరిగే ఆసియా పోటీకి పేరు వచ్చిందని కాగితం అందింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఆ కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగి చూపించాడు.

సరిగ్గా ఆ వారమే మెడికల్ బోర్డు నుంచి కూడా కాగితం వచ్చింది. పోటీ పద్నాలుగున. బోర్డు ఇరవై ఒకటిన. బోర్డు ఈయన్ని గని పనికి పనికిరాడని తేల్చితే ఆ నౌకరి మా బిడ్డ కెరోలిన్‌కు వస్తుంది. మైనింగులో డిప్లొమా చేసి, గనిలోనే పని చేస్తానని మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న పిల్ల అది. ఈయన పదవీ విరమణ దగ్గర పడుతోంది. ఈ బోర్డు తప్పితే ఇక బోర్డు లేదు.

పక్క క్వార్టరు మల్లక్క గోడ మీదుగా తొంగిచూసింది. "వదినా, ఓ మాట చెప్త, ఏమనుకోకు. ఎవలో ఒకాయన నడుం నొప్పని రాసిచ్చిండట. కొడుకు పెండ్లి బరాత్‌ల ఎగిరిన వీడియో బోర్డుకు పోయిందట. ఫిట్టని ఎల్లగొట్టిండ్రట. ఆయన ఎగిరితెనే గట్లయింది. మీ ఆయన ఏకంగ బొంగరం లెక్క తిరుగుతుండు!"

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. కాలు కాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లోనే తిరిగాను. దానికి తోడు యూనియన్ రఘుపతి కాలనీ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. మా ఆయన ఫోటో పక్కన రాళ్ళు పగలగొట్టే పెద్ద సమ్మెట బొమ్మ! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. "పతకం తేనీయి వదినా, జీపు మీద ఊరేగిస్తం. పేపర్ల ఏపిస్త," అన్నాడు రఘుపతి. పేపర్లో వస్తే బోర్డు కంటబడినట్టే కదా!

ఆ పూటే ఇంట్లో కూర్చుని తేల్చేద్దామనుకున్నాను.

"పోకయ్యా," అన్నాను. "తల తిరిగే రోగమని బోర్డుకు చెప్పి, తిరిగి తిరిగి పతకం తెస్తె ఎవలు నమ్ముతరు? బిడ్డ నౌకరి గంగల కలుస్తది."

"నా కోసం డాడీని ఆపకు మమ్మీ," అంది కెరోలిన్. "రాకపోతె ఇంకోటి చూసుకుంట."

"నువ్వు నోర్మూసుకో. మూడేండ్ల సంది చూస్తున్నవు ఇంకోటి."

ఆయన చేతి కాయలను గిల్లుకుంటూ కూర్చున్నాడు. "పేరిచ్చిన ఎలిజబెత్. పోత," అన్నాడు చివరికి.

"పోతె పో. గాని గెలువకు."

ఆయన నా వైపు నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "గెలువకుండ విసురుడు ఎట్లనో నాకు రాదు," అన్నాడు.

కాపలాకు నేను కూడా రైలెక్కాను.

చెన్నైలో ఎండ మాడ్చేస్తోంది. నాకు స్టాండులో నీడ దొరికింది కానీ కూర్చోబుద్ధి కాలేదు. వల కట్టిన పంజరంలాంటి దాంట్లో సిమెంటు వలయం, అందులో ఒక్కొక్కరే వచ్చి విసురుతున్నారు. జపాను ఆయన, కజక్ ఆయన, శ్రీలంక ఆయన, అందరూ తలలు నెరిసినవాళ్ళే. ఒక్కొక్కరికి ఆరు విసుర్లు. విసురు సరిగ్గా ఉంటే తెల్ల జెండా, తప్పయితే ఎర్ర జెండా. మా ఆయన ఒక్కటీ తగ్గించి విసరలేదు. తిరిగిన ప్రతిసారీ మెడ నరాలు ఉబ్బడం నాకు అంత దూరానికీ కనిపించింది. ఐదు విసుర్లయ్యేసరికి నాలుగో స్థానంలో ఉన్నాడు. మూడో స్థానంలో ఉన్న శ్రీలంక ఆయనకూ ఈయనకూ మధ్య మూరెడే తేడా. ఇంకొక్క విసురు మిగిలింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొగుడి పేరు నోట పలకొద్దని పెళ్ళినాడు మా అమ్మ చెప్పింది. మావాళ్ళంతా కష్టమొస్తే "యేసయ్యా" అని మొక్కుకుంటారు. నేను అలా మొక్కితే మొగుణ్ణి పేరు పెట్టి పిలిచినట్టే కదా! అందుకని ముప్పై ఏళ్ళుగా "ప్రభువా" అనే అంటున్నాను. చర్చిలో పాటలో ఆ పేరు వచ్చిన చోట పెదవులు కదిపి ఊరుకుంటాను. పాస్టరమ్మ నన్ను చూసి నవ్వుతుంది కూడా.

ఆ రోజు కూడా అలాగే మొక్కాను. "ప్రభువా, ఈయన ఓడిపోవాలి. మరీ ఆఖరున వద్దు, ఇప్పుడున్న నాలుగో స్థానమే చాలు." లోకంలో ఏ పెళ్ళామైనా ఇలాంటి ప్రార్థన చేసి ఉంటుందా? సిగ్గేసింది. అయినా మళ్ళీ అదే మొక్కాను.

ఆయన ఆరోసారి వలయంలోకి వచ్చాడు. గుండును తల చుట్టూ రెండుసార్లు ఊపి, తిరగడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగో చుట్టులో మనిషి కనిపించలేదు, తెల్ల బనీను గీతే కనిపించింది. గుండు పైకి లేచింది. అది దిగదే! దిగదు! శ్రీలంక ఆయన గుర్తు దాటింది, దాని అవతల కజక్ ఆయన గుర్తు దాటింది. మట్టి ఎగజిమ్మింది.

నౌకరీ బోర్డూ ఫ్లెక్సీ ఏదీ గుర్తు లేదు నాకు. టబ్బులు తోసిన మనిషి, చీకట్లో నా భుజం పట్టుకుని నడిచే మనిషి, అంత దూరం విసిరాడు! కుర్చీ మీదికెక్కి, చిన్నప్పుడు అలవాటైన మాట గొంతు చించుకుని అరిచాను. "యేసయ్యా!"

ఆయన వలయంలోనే ఆగాడు. తల తిప్పి స్టాండు వైపు చూశాడు. నన్ను వెతికి పట్టుకున్నాడు. నేను రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నాను.

విసిరాక వలయం వెనక సగం నుంచే బయటికి రావాలి. ముందు నుంచి వస్తే ఆ విసురు లెక్కలోకి రాదు. రెండేళ్ళుగా రోజూ వెనక నుంచే వచ్చిన మనిషి, నన్ను చూస్తూనే, నిదానంగా, ముందు గీత దాటి గడ్డిలోకి నడిచాడు.

ఎర్ర జెండా లేచింది.

"ఎన్కకెల్లి రావాలె గద కాకా!" అని మా వెంట వచ్చిన వేణుమాధవ్ నెత్తి కొట్టుకున్నాడు. ఈయన ఆ మాస్టరు భుజం తట్టి, "మర్శిపోయిన సార్," అన్నాడు. నాలుగో స్థానం. నేను మొక్కిన మొక్కు మొక్కినట్టే తీరింది. మరి నాకు సంతోషం ఎందుకు రాలేదు? తిరుగు రైలులో రామగుండం దాకా ఇద్దరం ఆ మాటే ఎత్తలేదు. కావాలనే గీత దాటావా అని అడుగుదామని నోటి దాకా వచ్చేది, మింగేసేదాన్ని.

ఇరవై ఒకటిన బోర్డుకు ముగ్గురమూ వెళ్ళాం. కెరోలిన్ బయట కూర్చుంది, నన్ను తోడుగా లోపలికి రానిచ్చారు. ముగ్గురు డాక్టర్లు. పెద్దాయన, "పాదాలు దగ్గర పెట్టండి. కళ్ళు మూసుకోండి," అన్నాడు. మూడు లెక్కపెట్టేలోపు మా ఆయన పక్కకు ఒరిగిపోయాడు. పడకుండా ఇద్దరు పట్టుకున్నారు. అంతే పరీక్ష. ఆ మూడు లెక్కల కోసమే నేను ఇన్నాళ్ళూ నిద్ర చెడగొట్టుకున్నాను.

కానీ ఆ పెద్దాయన మా ఆయన అరచేతులు తిప్పి చూశాడు. "లాంప్ రూములో ఈ కాయలు ఎట్లా వచ్చాయి?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఈయన మాత్రం దాచలేదు. "హామర్ విసురుత సార్. చెన్నై పోయిన," అన్నాడు.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు. మిగతా ఇద్దరితో, "చూశారా? చెవిలో తూకం పోయినవాడికి ఎంత తిరిగినా తల తిరగదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి మనకు?" అన్నాడు. కాగితం మీద అన్‌ఫిట్ అని రాస్తూ తలెత్తి, "పతకం ఏమైనా వచ్చిందా మరి?" అని అడిగాడు.

"లేదు సార్," అన్నాడు మా ఆయన. "గీత దాటిన."

బయటికొచ్చి చెప్పగానే కెరోలిన్ తండ్రిని చుట్టేసుకుంది. ఏడుస్తూ నవ్వుతూ, స్నేహితురాళ్ళకు ఫోన్ చేయడానికి అవతలికి పోయింది. నేను బెంచీ మీద కూలబడ్డాను. కళ్ళనీళ్ళు ఆగలేదు. పతకం తెచ్చినా నౌకరి వచ్చేది! తెస్తే ఇంకా తొందరగా వచ్చేది!

"ఏడుస్తవేంది?" అన్నాడు ఆయన పక్కన కూర్చుంటూ. "మంచిగనే అయింది గదా. ఆ దినం బోర్డు సంగతి నాకు మతికి లేకుండె. అంత దూరం పోయేసరికి అన్నీ మర్శిన. ముప్పై ఏండ్లల్ల పేరు పెట్టి పిలువనిదానివి, పిలిచినవు. బిడ్డ సంగతి యాదికి తెస్తున్నవని సమజైంది. అందుకే గీత దాటిన."

"నేను పిలిచింది నిన్ను గాదయ్యా," అన్నాను. "దేవుణ్ణి."

ఆయన నా వైపు తిరిగాడు. "ఓడిపోవాల్నని మొక్కినవా?" అన్నాడు.

"గాదు. అంత దూరం పోయిందని. సంబురం పట్టలేక ఒర్రిన."

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. తప్పు విసురును ఎవరూ కొలవరు. టేపు పట్టలేదు, అంకె రాయలేదు.

"నీకు పైకెల్లి మంచిగ కనవడ్డది గదా," అన్నాడు మెల్లగా. "ఎంత పోయింది?"

"చానా దూరం పోయింది," అన్నాను.

"చానా అంటె ఎంత?"